పడమటి బ్లాకు గోడలు

గంట మోగగానే పెట్టెలో ఎలుక బిగుసుకుపోవాలి. అంతకు ముందు వారమంతా ఆ గంట మోగినప్పుడల్లా కాళ్లకింది చువ్వల్లోంచి కరెంటు చురుక్కుమనిపించింది కాబట్టి, ఇప్పుడు కరెంటు లేకపోయినా ఉత్త గంటకే అది నాలుగు కాళ్లూ నేలకు అంటించుకుని ఉండిపోతుంది. అలా ఎన్ని సెకన్లు ఉందో చూసి రాసుకోవడం నూకరత్నం పని.

ల్యాబులో చేరిన కొత్తలో ఆ పని చేస్తున్నప్పుడల్లా ఆమెకు తన కాపురం గుర్తొచ్చేది. ఆ ఆరేళ్లూ మొగుడు సత్తిబాబు మోటారుసైకిలు సందు మలుపు తిరిగిన చప్పుడు వినబడితే తనూ అచ్చం ఇలాగే ఉండేది. అన్నం వారుస్తున్న చెయ్యి గంజి కాలుతున్నా కదిలేది కాదు. రెండో పెట్టె దగ్గరికి వెళ్లడం మాత్రం మొదటినుంచీ ఆమెకు ఇష్టం. ఆ పెట్టె లోపలి గోడలకు పల్చగా సున్నం పూసి ఉండేది. అందులో ఎలుక గంట మోగితే ఒక్కసారి చెవులు నిక్కించి, మళ్లీ మామూలుగా గింజ కొరుక్కునేది.

ఆ సున్నంలో ఉన్నదాన్ని ల్యాబులో అందరూ పద్నాలుగో నంబరు అనేవారు. కనిపెట్టింది డాక్టర్ ఇందుమతి. కొత్తగా పిల్లల్ని పెట్టిన తల్లి ఎలుక ఏ గంటకీ బిగుసుకుపోదని ఆమె పన్నెండేళ్ల కిందట గమనించింది. దాని గూటిలో పీచు తెచ్చి వేరే ఎలుక పక్కన పెడితే దానికీ భయం పోయింది. పీచులో ఉన్నది ఒక వాసన, మనిషి ముక్కుకు అందనంత సన్నటిది. దాన్ని విడదీసి సున్నంలో కలిపితే మూడేళ్లపాటు కొద్దికొద్దిగా గాలిలోకి వస్తూ ఉంటుందని తేల్చడానికి ఏళ్లకేళ్లు పట్టాయి.

రత్నం ఆ ల్యాబుకు రావడానికి కారణం కూడా ఇందుమతే. అనకాపల్లి దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డులో, ఆ ల్యాబు నడిపే మందుల కంపెనీ తన ధర్మసంస్థ పేరుమీద ఒంటరి తల్లుల కోసం ఇళ్లు కట్టించింది. వాటి పేరు నెలవు. తూర్పున ఒక బ్లాకు, పడమట ఒక బ్లాకు, ఒక్కోదాంట్లో నలభై వాటాలు. మూడేళ్ల కిందట, నాలుగేళ్ల కూతురు మోక్షితను చంకనేసుకుని, ఒక చెవి సరిగా వినబడని స్థితిలో రత్నం అక్కడికి వచ్చినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నది ఇందుమతి. ఇంగ్లీషు కాగితాల కట్ట మీద సంతకాలు పెట్టించుకుని, పడమటి బ్లాకు మూడో అంతస్తులో వాటా తాళంచెవి ఇచ్చింది. ప-307.

ఒకటిన్నర గది, వంటకు ఒక గట్టు, కిటికీలోంచి సరుగుడు తోట. జీతంలో పదో వంతు అద్దె, జీతం లేనన్నాళ్లు అదీ లేదు. కింద పిల్లల గది తెల్లవారి ఆరింటికే తెరిచేవారు, షిఫ్టులకు పోయే తల్లుల కోసం. గురువారాలు లాయరమ్మ వచ్చేది. సాయంకాలాలు కంప్యూటరు, కుట్టు, ల్యాబు పని, ఎవరికి కావలసింది వాళ్లు నేర్చుకునేవారు. మొదటి నెలంతా రత్నం చేసిన పని ఒకటే, తలుపుకు లోపలినుంచి గడియ పెట్టి, తీసి, మళ్లీ పెట్టడం. పుట్టినింట్లో గాని అత్తవారింట్లో గాని తాను వేస్తే తానే తియ్యాలన్న తలుపు ఆమెకు ఎప్పుడూ లేదు. రెండో నెలనుంచి పడుకుంటే నిద్ర పట్టింది. ఆరో నెలలో ల్యాబు కోర్సులో చేరింది. ఏడాది తిరిగేసరికి ఎలుకల గదిలో ఉద్యోగం, రెండో ఏడు సగంలో మిషన్ల గదికి మార్పు.

ప్రతి శనివారం ఇందుమతి నెలవుకు వచ్చి వంతులవారీగా కొందరితో అరగంటేసి మాట్లాడేది. రత్నం దగ్గరికి మాత్రం ప్రతి వారం వచ్చి టీ కూడా తాగేది. మేడమ్ అనొద్దు, అక్కా అనమని ఆమే అడిగింది. ఈ వారం దేనికి భయపడ్డావు, ఎంతసేపు భయపడ్డావు, భయపడి ఏం చేశావు అని నెమ్మదిగా అడిగి నోట్‌బుక్కులో రాసుకునేది. తన భయాల గురించి ఒకరు పుస్తకం పెట్టి రాసుకోవడం రత్నానికి వింతగా ఉండేది. కన్నతల్లి కూడా అడగని మాటలు అడుగుతోందని లోపల్లోపల పొంగిపోయేది. పడకగది సంగతులు, అత్తగారి చేతి కర్ర సంగతి, చెవి పోయిన రోజు సంగతి, ఒక్కొక్కటీ ఆ శనివారాల్లోనే మొదటిసారి నోరు దాటి వచ్చాయి.

రెండో ఏడు వేసవిలో సత్తిబాబు గేటు దగ్గరికి వచ్చాడు. రత్నం మూడో అంతస్తు కిటికీలోంచి చూసింది. మోకాళ్లు రెండూ నీళ్లయిపోయాయి. అయినా మోక్షితను పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టి, లాయరమ్మకు ఫోను చేసి, వాచ్‌మన్‌ను గేటు తియ్యొద్దని హెచ్చరించి, ఊచల ఇవతల మూడడుగుల దూరంలో నిలబడింది.

"కోర్టు కాయితం అందిందా? అందితే అక్కడికి రా. ఏటి చెప్పాలన్నా అక్కడే చెప్పు. ఇక్కడికి ఇంకెప్పుడూ రాకు."

అంతకంటే మాట్లాడలేదు. అతను పావుగంట అరిచి వెళ్లిపోయాడు. ఆ సాయంకాలం ఇందుమతి వచ్చేసరికి రత్నం టీ గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఇందుమతి ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. నువ్వు చేసింది చిన్న పని కాదు రత్నం, అంది. ఆ మాటను రత్నం బంగారంలా దాచుకుంది. తన బతుకులో తాను చేసిన పని అని చెప్పుకోవడానికి ఆమెకు అదొక్కటే కనబడేది.

తూర్పు బ్లాకులో గౌరి అని చోడవరం వైపు పిల్ల ఉండేది. ఇరవై నాలుగేళ్లది, బేకరీలో పని. తమ వైపు అక్కను పిలిచినట్టు రత్నాన్ని అప్పా అనేది. నెలవుకు వచ్చిన కొత్తలో కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేది. ఏడాది తిరగకుండా మనిషి మారిపోయింది. వాహనాలు వస్తున్నా రోడ్డు దాటేది, ఎవరు తలుపు కొట్టినా అడగకుండా తీసేది, సూపర్‌వైజరును నిలదీసేది. అందరూ గౌరిని చూసి నేర్చుకోండి అనేవారు. ఒకరోజు కూతురి పుట్టిన సర్టిఫికెట్టు తెచ్చుకుంటానని మొగుడి ఇంటికి ఒక్కర్తీ బయలుదేరింది. లాయరమ్మను తీసుకెళ్లమని, పోనీ కానిస్టేబుల్‌తో వెళ్లమని రత్నం ఎంత చెప్పినా వినలేదు.

"నాకేటీ అనిపించట్లేదప్పా. ఆడేటి చేస్తాడు?" అని నవ్వింది.

వాడు మేడ మెట్ల మీదినుంచి తోసేశాడు. తుంటి ఎముక రెండు ముక్కలైంది. కేసు నడుస్తోంది గాని గౌరి చేతికర్ర లేకుండా ఇక నడవలేదని డాక్టర్లు చెప్పేశారు. ఆస్పత్రి మంచం మీద కూడా ఆమె ముఖంలో బెదురు కనబడకపోవడం చూసి రత్నం ఎంత గుండె ధైర్యం అనుకుంది.

మూడేళ్లు నిండబోతుండగా నెలవుకు ఇద్దరు పనివాళ్లు వచ్చి, చెమ్మ ఉందేమో చూడాలని ప్రతి వాటా గోడకూ సన్నటి బెజ్జం వేసి సున్నం తీసుకుపోయారు. ఆ తరువాతి గురువారం రత్నం ల్యాబులో మిషను ముందు కూర్చుంటే, రంగుల నాణ్యత పరీక్ష అని చెప్పి ఒక చిన్న సీసాల ట్రే ఇచ్చారు. ఇందుమతి ఆ రోజు ఊళ్లో లేదు. ఒక్కో సీసాలోని ఆవిరిని మిషను లాక్కుని, అందులో ఉన్నవాటిని విడదీసి, ఏది ఎన్నో నిమిషంలో బయటికి వచ్చిందో తెరమీద గీత గీసి చూపిస్తుంది. మొదటి సీసా పదకొండో నిమిషంలో గీత నిటారుగా లేచింది. రత్నం తెరమీదికి వంగింది. పదకొండో నిమిషంలో లేచే ఆ గీతను ఆమె ఏడాదిన్నరగా ఎలుక పీచులో చూస్తోంది. దాన్ని గుర్తు పట్టడానికి వేరే ఏమీ అక్కర్లేదు, అది పద్నాలుగో నంబరు.

సీసా తిప్పి చూసింది. చిన్న అక్షరాలతో తూ-101 అని ఉంది. తరవాతది తూ-102. పన్నెండో సీసా తూ-112. అది గౌరి వాటా.

ఆ రోజు చీకటిపడేదాకా కూర్చుని నలభై సీసాలూ నడిపింది. నలభైకి నలభైలోనూ గీత లేచింది. పడమటి బ్లాకు ట్రే సోమవారం వస్తుందన్నారు.

ఆమె ఆ రాత్రి ఇంటికి వెళ్లి, గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. మోక్షిత గోడకు ఆనుకుని హోంవర్కు రాసుకుంటోంది. రత్నం పిల్లను జబ్బ పట్టి ఇవతలికి లాగేసింది. ఏమైందమ్మా అని పిల్ల అడుగుతుండగానే పరుపు లాగి గది మధ్యలో వేసింది.

తరవాత మూడు రోజులూ ఆమె తన మూడేళ్లనూ ఒక్కొక్కటే తీసి చూసుకుంది. రెండో నెలలో పట్టిన నిద్ర ఎవరిది? కోర్సులో చేరతానని చెయ్యెత్తింది తానేనా, గోడా? అన్నిటికంటే ముందు గేటు దగ్గర ఊచల ఇవతల నిలబడిన ఆ పావుగంట. దాన్ని తలుచుకోబోతే ఇప్పుడు రెండో పెట్టెలో గింజ కొరుక్కునే ఎలుక గుర్తొస్తోంది. ఎవరో తన ట్రంకుపెట్టె తెరిచి, ఉన్న ఒక్క మంచి చీరా తీసుకుని, ఇది నీది కాదులే, మేం పెట్టిందే అన్నట్టుంది. శనివారం ఇందుమతి రాలేదు. రాకపోవడమే మేలనుకుంది.

ఆదివారం మోక్షితను తీసుకుని బస్సెక్కి పూడిమడక సముద్రానికి వెళ్లింది. గోడలు లేని చోట తనకు ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది. ఇసకలో కూర్చుని సత్తిబాబు ఇప్పుడే వెనకనుంచి వస్తున్నాడని అనుకుంది. వీపంతా చల్లబడింది. అయితే ఇంట్లో అనుకున్నా అలాగే చల్లబడుతుందని అప్పుడే తట్టింది. గేటు దగ్గరికి వెళ్లినప్పుడూ అంతే. భయం ఆమెకు ఎప్పుడూ పోలేదు. మోకాళ్లు నీళ్లయిపోయే నడిచింది. గౌరి మోకాళ్లు మాత్రం వణకలేదు.

సోమవారం పడమటి బ్లాకు ట్రే వచ్చింది. మొదటి సీసాలో పదకొండో నిమిషం దాటిపోయింది, గీత లేవలేదు. రెండోదీ అంతే. ప-307 ముందుకు వచ్చినప్పుడు రత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. పన్నెండో నిమిషం, పదమూడు, పదిహేను. తెరమీద గీత చదునుగా పోతూనే ఉంది. తన గోడలో ఉన్నది ఉత్త సున్నం.

మిగతావీ అలాగే వచ్చాక అన్ని గీతలూ అచ్చు తీసుకుని ఆమె ఇందుమతి గదికి వెళ్లింది. ఇందుమతి వాటిని చూసి, లేచి తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"గోడల్లోన మందు పెట్టినారని మాతోటి ఒక్క మాటైనా చెప్పలేదేటక్కా?"

చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఉందని ఇందుమతి అంది. అని, తనకే ఆ మాట నచ్చనట్టు తల దించుకుంది. తరవాత ఆమె చెప్పినదంతా రత్నం కదలకుండా వింది. రెండు బ్లాకులకూ ఇల్లు ఒకటే, పిల్లల గది ఒకటే, లాయరు, చదువు అన్నీ ఒకటే. తేడా గోడలో మాత్రమే. ఒక బ్లాకుకు మందు, ఒక బ్లాకుకు ఉత్త సున్నం. మూడేళ్ల తరవాత ఏ బ్లాకు తల్లులు ఎక్కువ నిలదొక్కుకున్నారో చూడాలి.

"ఏటి తేలింది?"

ఇందుమతి ఆ కాగితాలను బోర్లా తిప్పి పెట్టింది.

"తేడా లేదు. ఉద్యోగాలు, చదువులు, కోర్టుకు వెళ్లి గెలిచినవాళ్లు, ఏది చూసినా రెండు బ్లాకులూ సమానం. దెబ్బలు తిన్నవాళ్లు మాత్రం తూర్పులోనే ఎక్కువ. ఇళ్లే పనిచేశాయి రత్నం. నా మందు కాదు."

రత్నానికి ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. గేటు దగ్గరి ఆ పావుగంట తిరిగి తన చేతికి వచ్చింది. ఆ వెంటనే గౌరి చేతికర్ర కళ్లముందు కదిలింది. గౌరికి భయం తీసేశారు, భయపడాల్సినవాణ్ని అలాగే ఉంచారు. ఆ మాట పైకి అనేసింది. ఇందుమతి కాదనలేదు. ఆమె కూడా ఏడ్చింది. నిజం ఉన్నదున్నట్టు రాసి పంపుతానని, ఇలాంటి ఇళ్లు ఇంకా కట్టాలని తానే చెబుతానని మాట ఇచ్చింది. పది రోజులు ఓపిక పట్టమంది. అచ్చు కాగితాలు తన దగ్గర ఉంచితే రిపోర్టుకు జత చేస్తానంది.

రత్నం ఇచ్చేసింది. ఇంకో ప్రతి తీసి పెట్టుకోవాలని ఆమెకు తోచను కూడా లేదు. అక్క అడిగింది, ఇచ్చింది.

ఎనిమిదో రోజున ల్యాబునుంచి వచ్చేసరికి మెట్లమీదే పచ్చి సున్నం వాసన కొట్టింది. మూడేళ్ల మరమ్మతు అని చెప్పి పనివాళ్లు పడమటి బ్లాకు నలభై వాటాలకూ కొత్త పూత వేసి వెళ్లారు. మోక్షిత తడి గోడమీద వేలితో పువ్వు గీస్తోంది. రత్నం ఆ పిల్ల చెయ్యి కుళాయి కింద పెట్టి రుద్ది రుద్ది కడిగింది. ఇందుమతికి ఫోను చేసింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ రాత్రి ఎన్నిసార్లు చేసినా అంతే.

మర్నాడు ల్యాబు గేటు దగ్గర ఆమె కార్డు పనిచెయ్యలేదు.

అప్పుడు కూడా రత్నం ఇందుమతిని అనుమానించలేదు. పైవాళ్లు ఆమెను కూడా ఏదో చేసి ఉంటారనుకుంది. లాయరమ్మ సాయంతో ఫిర్యాదు రాసింది. మనుషులమీద మందులు పరీక్షించేటప్పుడు తప్పొప్పులు చూసే కమిటీ ఒకటుంటుందని, దానికి పంపాలని లాయరమ్మే చెప్పింది. కమిటీ విశాఖపట్నంలో కూర్చుంది. ముగ్గురు పెద్దలు, ఒక పొడుగాటి బల్ల. అటు పక్క ఇందుమతి కూర్చుని ఉంది.

రత్నం జరిగింది జరిగినట్టు చెప్పింది. గౌరి సంగతి చెప్పింది. పడమటి బ్లాకులో మొన్నటిదాకా మందు లేదని, పూత కొత్తగా వేశారని చెప్పింది. కంపెనీవారు ఆమె గోడనుంచి పోయిన వారం తీసిన సున్నం పరీక్ష చూపించారు. పదకొండో నిమిషంలో గీత నిటారుగా లేచి ఉంది.

కమిటీలో మధ్యనున్న పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఇందుమతిని అడిగాడు, ఈమె చెప్పినట్టు మందు లేని బ్లాకు ఒకటి ఉండేదా అని.

ఇందుమతి ముందున్న కాగితాలను సర్దింది. "లేదండీ. రెండు బ్లాకుల్లోనూ మొదటినుంచీ పద్నాలుగో నంబరు ఉంది. పోల్చడానికి తీసుకున్నది నెలవు బయట, ఇళ్లు లేని తల్లుల్ని. వాళ్లకంటే నెలవులో ఉన్నవాళ్లు ఎంతో ముందున్నారు."

రత్నం ఆమెవైపు తిరిగింది. ఇందుమతి చూపు బల్లమీదే ఉంది. నోట్‌బుక్కు తెరిచి ఉంది. ప-307 అన్న పేజీ. మూడేళ్ల శనివారాలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కో భయం పక్కన ఒక్కో అంకెతో. భయం తగ్గుతూ వచ్చిందని చూపడానికి ఇందుమతి వాటిని ఒక్కొక్కటే చదివింది. చెవి పోయిన రోజు, పదికి తొమ్మిది. అత్తగారి కర్ర, ఏడు. గేటు దగ్గర భర్త, నాలుగు. ఆ నాలుగు అబద్ధమని రత్నానికి తెలుసు. టీ గ్లాసు పట్టుకోలేకపోయిన ఆ చేతుల్ని పట్టుకుని కూర్చున్నది ఆవిడే.

అన్నీ విన్నాక పెద్దాయన దయగా నవ్వాడు.

"చూడమ్మా, మూడేళ్ల కిందట నువ్వు తలెత్తి మాట్లాడలేని మనిషివి. ఇవాళ ఇంతమంది ముందు నిలబడి, నీకు అన్నం పెట్టిన కంపెనీని నిలదీస్తున్నావు. ఈ మందు పనిచేసిందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

పక్కనున్న ఇద్దరూ తలలూపారు. రత్నం ఏదో అనబోయింది. ఏమన్నా అది కూడా మందు ఖాతాలోకే పోతుందని అర్థమై నోరు మూసుకుంది. మాట్లాడితే మందు, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు.

వసారాలో ఇందుమతి వెనకనుంచి వచ్చి భుజంమీద చెయ్యి వేసింది. ల్యాబు మూసేస్తామన్నారని, పన్నెండేళ్ల పని అని, మందు చెడ్డది కాదు, మోతాదు తేల్చుకోవాలంతే అని గబగబా చెప్పింది. కంపెనీ ఇక ఇళ్లు కట్టదట. ఇళ్లు ఖర్చుతో కూడినవి. ఉన్న ఇళ్లకే, అంటే ఆడవాళ్లు మొగుళ్లతో ఉంటున్న ఇళ్లకే, ఈ సున్నం పూస్తే చాలని నిర్ణయించారట. రత్నానికి ఉద్యోగం మళ్లీ ఇప్పిస్తానంది.

"ఆ ఇళ్లల్లోనా?" అంది రత్నం. "గౌరిని తోసేసిన ఇంట్లోన పూస్తారా ఇది?"

ఇందుమతి భుజంమీది చెయ్యి తీసేసింది.

"నా భయాలన్నీ మీకే చెప్పుకున్నానక్కా. ఇంకెవరికీ చెప్పలేదు." అంతే అని మెట్లు దిగింది.

పత్రికలో మూడు లైన్ల వార్త వచ్చింది, ఫిర్యాదు కొట్టేశారని. నెలవు ఆర్నెల్లలో ఖాళీ చెయ్యాలని నోటీసులు వచ్చాయి. రత్నం అన్నాళ్లు ఆగలేదు. ఆ గోడల మధ్య పిల్లను పడుకోబెట్టడం ఆమెవల్ల కాలేదు. రెండు బ్లాకుల్లోనూ ఇంటింటికీ వెళ్లి జరిగింది చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు మందు పెట్టినా పెట్టనీ నీడ ఉంది కదా అన్నారు. వాళ్లను తప్పుపట్టాలని కూడా ఆమెకు అనిపించలేదు. చివరికి తనతో రావడానికి తొమ్మిదిమంది తేలారు. తూర్పు బ్లాకునుంచి గౌరి ఒక్కర్తీ కర్ర పట్టుకుని వచ్చింది.

అనకాపల్లిలో మూతపడిన కోచింగ్ సెంటరు హాస్టలు ఒకటి అందరి పేరుమీదా అద్దెకు దొరికింది. ఒక్కో గదికి ఒక్కో తాళంచెవి. గోడలకున్న పాత పూత గీకించి, ఎవరూ ఏమీ కలపని సున్నం రత్నం తన చేత్తో తడిపి వేసింది. పెద్ద క్లాసు గదిని పిల్లల గది చేశారు. షిఫ్టులు చూసుకుని వంతులవారీగా ఒకరు ఉండేవారు. లాయరమ్మ గురువారాలు రావడం మానలేదు. రత్నానికి ఊళ్లో రక్తపరీక్షల ల్యాబులో పని దొరికింది. నెలవులో నేర్చుకున్న చదువే అది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. ఏడాది గడిచేసరికి తొమ్మిదిమందిలో ఇద్దరు సొంతంగా వేరే ఇళ్లు చూసుకుని వెళ్లారు. వాళ్ల గదుల్లోకి కొత్తవాళ్లు పిల్లలతో వచ్చారు. వచ్చినవాళ్లు మొదటి నెలంతా గడియలు పెట్టి తీస్తూ ఉండేవారు. రత్నం చూసి ఏమీ అనేది కాదు. ఈ వారం దేనికి భయపడ్డారని ఎవర్నీ అడిగేది కాదు. ఎవరైనా తమంత తాము చెప్పబోయినా లేచి వేరే పని చూసుకునేది. ఆమె తన సంగతులూ ఎవరికీ చెప్పడం మానేసింది.

గౌరి మాత్రం అలాగే ఉండేది. వేడి బాణలి అంచు పట్టుకునేది. ఎవరో తెలియని మగవాడు తాగి లోపలికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మొగుడు బెయిలుమీద బయటికి వచ్చాడని తెలిసినా అవునా అని ఊరుకుంది. ఆమెను ఒంటరిగా వదలకూడదని అందరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ మందు ఒంట్లోంచి ఎన్నాళ్లకు పోతుందో, అసలు పోతుందో లేదో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిణ్ని అడిగే ప్రసక్తే లేదు.

హాస్టలుకు వచ్చిన పద్నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం, పిల్లలంతా బడిలో ఉన్నారు. రత్నం పైన బట్టలు మడతపెడుతోంది. కింద వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే మెట్లమీద కర్ర టకటకలు, ఎప్పుడూ లేనంత తొందరగా. గౌరి లోపలికి వచ్చి తలుపు మూసి గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"అప్పా, నాకు భయమేస్తంది."

రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. గౌరిని మంచంమీద కూర్చోబెట్టి, తాను వచ్చేదాకా తలుపు తియ్యొద్దని చెప్పి కిందికి వెళ్లి చూసింది. మంచినీళ్ల డబ్బాలు వేసే మనిషి. రెండు డబ్బాలు దించి వెళ్లిపోయాడు. తిరిగి పైకి వచ్చి తలుపు కొడితే గౌరి తియ్యలేదు. ఎవరని అడిగింది. నేనే అంటే మళ్లీ అడిగింది. మూడోసారి గొంతు పోల్చుకున్నాకే గడియ తీసింది.

రత్నం అక్కడే గడపమీద కూర్చుండిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. గౌరి భయపడింది. దాని భయం దానికి తిరిగి వచ్చింది. ఈ సంగతి వెంటనే ఒకరికి చెప్పాలి, విని దీని విలువేమిటో పూర్తిగా తెలుసుకోగలవాళ్లకు చెప్పాలి అనిపించి, చెయ్యి దానంతటదే ఫోను తీసింది. వేలు వెళ్లి ఆగిన చోట ఇందుమతక్క అని ఉంది. ఇన్నాళ్లూ ఆ పేరు తీసెయ్యాలన్న సంగతే తట్టలేదు ఆమెకు.

శనివారాలన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

"ఎవరికప్పా పోను?" అంది గౌరి, మళ్లీ మంచం అంచున కూర్చుని.

"ఎవరికీ కాదే" అంది రత్నం.